బల్లకు దూరం

కొల్లేటి ఒడ్డున మా పేటలో రొట్టె వండేవాళ్లూ లేరు, కొనేవాళ్లూ లేరు. ఏలూరు నుంచి పాదిరిగారు పడవలో వచ్చినప్పుడే తెల్లగుడ్డలో చుట్టి తెచ్చేవారు. ఆరాధన చివర ప్రభువు బల్ల దగ్గర, బాప్తిస్మం తీసుకున్నవాళ్లకి తలా ఒక ముక్క, ఒక గుక్క ద్రాక్షరసం. అదీ ఎప్పుడో గాని ఉండేది కాదు. ఆ ముక్క కోసం మా అమ్మ కనకరత్నం మొహం వాచిపోయి ఉండేది.

అమ్మ బల్లకు దూరం. అంటే వెలి కాదు. గుడికి రావచ్చు, పాటలు పాడవచ్చు. రొట్టె మీది గుడ్డ తీసే వేళకు మాత్రం లేచి బయటికి పోవాలి. సంఘపెద్ద ఎలీయాజరు తాత వేసిన శిక్ష అది. తాత మంచివాడే. కాకపోతే పరలోకం తాళంచెవి తన మొలతాడుకే కట్టి ఉన్నట్టు తిరిగేవాడు.

ఆ శిక్షకు కారణం నేను. నాకు ఇంకా మాటలు సరిగా రాని వయసులో ఒళ్లంతా మశూచి పోసింది. నాన్న అప్పటికే లేడు. మాతో ఉండే నాయనమ్మ మరిడమ్మ బాప్తిస్మం తీసుకోలేదు. "మీ దేవుడు మీకు, మా అమ్మవారు నాకు" అనేది. నేను కళ్లు తేలేసిన రోజున "అమ్మవారికి పుంజుని మొక్కేనే, ఇయ్యవే" అని అమ్మ ముందు చెయ్యి చాపింది. అమ్మ ఏడుస్తూనే గంప ఎత్తి, పుంజుని తన చేత్తో అందించింది. నాయనమ్మ తీసుకెళ్లి మొక్కు చెల్లించి వచ్చింది. నేను బతికాను.

అక్కడే వచ్చింది తంటా. నేను చచ్చిపోయి ఉంటే తప్పయిందనడం అమ్మకు ఎంతసేపు? "సంఘం ముందు నిలబడి తప్పు చేశానని ఒక్క మాట అను, బల్లకు రా" అనేవాడు తాత. ఆ ఒక్క మాటా అమ్మ నోట ఊడిపడలేదు. దానికి బదులు ఒళ్లు హూనం చేసుకునేది. గుడి అలికేది. బల్ల మీది గుడ్డ ఉతికేది. ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలం నలభై రోజులూ చేప ముట్టేది కాదు. కొల్లేట్లో ఉంటూ చేప మానితే ఇంక తినడానికి ఏముంటుంది!

బల్ల ఉన్న ఆదివారం అలా బయటికొచ్చి, నన్ను ఒళ్లో పెట్టుకుని గుడి అరుగు మీద కూర్చునేది. లోపల పాట అందుకోగానే అమ్మ పెదవులు కదిలేవి, గొంతు మాత్రం పైకి వచ్చేది కాదు. తలుపువైపు ఆమె చూసే చూపు నేను భరించలేకపోయేదాన్ని. నేను బతికున్నంతకాలం అమ్మ తప్పు కూడా బతికే ఉంటుందని నాకు తోచింది. నేను లేకపోతే అమ్మకు ఆ ముక్క దొరికేది కదా అనుకునేదాన్ని. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

పంతొమ్మిది వందల ముప్ఫై ఆరులో దేవరాజు అయ్యగారు కొత్త పాదిరిగా వచ్చారు. మొదటి బల్ల రోజున, అలవాటు ప్రకారం అమ్మ నా చెయ్యి పట్టుకుని లేచింది. ఆయన గుడ్డ తీయబోతూ ఆగారు.

"ఎక్కడికమ్మా?"

ఎలీయాజరు తాత పుంజు కథంతా అప్పజెప్పాడు. అందరి తలలూ మావైపు తిరిగాయి.

"ఆ ఒక్క మాటా అనెయ్యకూడదా తల్లీ?" అన్నారు అయ్యగారు.

"రావట్లేదండి. ఆ మాటంటే ఈ పిల్ల బతకడమే తప్పన్నట్టు ఉంటాదండి."

నేను అమ్మ చెయ్యి విడిపించుకోబోయాను. అమ్మ విడవలేదు.

"ఆ వేళ మన దేవుణ్ణి ఏమీ అడగలేదా?"

"అడిగేనండి. నా ప్రాణం తీసుకుని దీన్ని ఉంచమన్నానండి. ఆయన తీసుకోలేదండి."

అయ్యగారు మెల్లగా అన్నారు. "ఎందుకు తీసుకుంటాడమ్మా? ఇవ్వాల్సిన ప్రాణం ఆయనే ఇచ్చేశాడు కదా. నువ్వు అడగకముందే."

"మరి పుంజు సంగతేంటండీ?" తాత ఊరుకుంటాడా!

"తప్పేనండీ పెద్దాయనా. తప్పు లేనివాళ్లకైతే ఈ బల్ల వెయ్యడం ఎందుకండీ?"

ఆయన రొట్టె విరిచి, బల్ల దగ్గరికి రమ్మనకుండా, తానే మా దగ్గరికి నడిచి వచ్చారు. అమ్మ భయంగా వెనక్కి జరిగింది. "నేనింకా ఆ మాట అనలేదండి" అంది.

"వినబడింది. చెయ్యి పట్టమ్మా."

అమ్మ ఒక్క చెయ్యే పట్టింది. రెండోది నా దగ్గరుంది. ముక్క అరచేతిలో పడగానే అమ్మ ఉన్నచోటే కూలబడింది. అన్నేళ్లూ గొంతులో అడ్డం పడ్డ మాట అప్పుడు వచ్చింది. "తప్పయిపోయింది తండ్రీ, తప్పయిపోయింది" అని గుడంతా వినబడేటట్టు ఏడ్చింది.

ఆ మాటొస్తే అమ్మ నన్ను వదిలేస్తుందని అప్పటిదాకా భయపడ్డాను. ఆ మాట అంటూనే అమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుని, ఊపిరాడనంత గట్టిగా పట్టుకుంది.