ఒరిగింది ఏ ముసలమ్మ?

లొయ్ తాత కొబ్బరి పీచుతో ముసలమ్మ వీపు తోముతున్నాడు. అది మూన్ నదిలో పక్కకు ఒత్తిగిల్లి, కళ్లు మూసుకుని, చెవులు మాత్రం ఆడిస్తోంది. ఏనుగుకు అరవై, అతనికి డెబ్బై రెండు.

గట్టున బట్టలు పిండుతున్న భార్య చన్ మూతి తిప్పింది. "నా వీపు ఏనాడైనా ఇట్లా తోమావా?"

"నువ్వూ దానిలా చెప్పిన మాట వింటే తోముదును."

ఊళ్లోవాళ్లకు ఇద్దరూ ముసలమ్మలే. అదే కొంప ముంచింది.

మా సురిన్ మావటీల ఊళ్లలో మాటకు మర్యాద ఉంది. మనిషి పోతే 'తాయ్', అంటే చచ్చిపోయాడు. ఏనుగును అలా అనకూడదు. 'లొమ్' అనాలి, అంటే ఒరిగింది. అంత ప్రాణి పోతే మహావృక్షం కూలినట్టే కదా, అందుకని పెద్దలు పెట్టిన మాట. చిక్కేమిటంటే, మెట్ల మీద కాలు జారి పడినా లొమ్మే. తన ఏనుగు గురించి ఆ మాట చెవిన పడకముందే తను పోవాలని తాత ప్రతి పున్నమికీ గుడిలో మొక్కుకునేవాడు.

ఆ పూట సంతలో చెరుకు బేరమాడుతుంటే పక్కింటి ఉబొన్ సైకిలు మీద రొప్పుతూ వచ్చింది.

"తాతా! మీ ముసలమ్మ లొమ్!"

చెరుకు అక్కడే పారేసి పరుగెత్తాడు. సగం సంత వెంటపడింది. అగరొత్తులవాడు బుట్టతో సహా వచ్చాడు.

ఇంటి ముందు ఏనుగు నింపాదిగా అరటి బోదె నములుతోంది. మెట్ల కింద చన్ చీలమండ పట్టుకుని కూర్చుంది.

"అమ్మయ్య, నువ్వా!" అన్నాడు తాత. నవ్వు ఆపుకోలేకపోయాడు. ఏడుపూ ఆగలేదు.

"నవ్వవయ్యా, నవ్వు! నేను పడితే నీకు పండగ!"

తిట్లన్నీ తింటూనే పసరు పూసి కట్టు కట్టాడు. ఆమె కాలు మాత్రం వెనక్కి లాక్కోలేదు. తర్వాత ఏనుగు ముందుకాలికి ఆనుకుని నీడలో కూర్చున్నాడు. అన్నానికి చన్ మూడుసార్లు కేకేసింది, పలకలేదు. తిట్టుకుంటూ కుంటుతూ వచ్చి చూసింది. మొక్కు తీరింది. అతను పడిపోతాడని కాబోలు, ఏనుగు ఆ కాలు కదపకుండా అలాగే నిలబడి ఉంది.

ఊరిపెద్ద వచ్చాడు. "ఎన్నింటికి తాయ్ అవ్వా?"

"ఆ మాట అనకు. లొమ్ అను."

"అది ఏనుగులకు కదా!"

"నలభై తొమ్మిదేళ్లు నేను కాపురం చేసింది మరి దేనితో అనుకున్నావు?" అంది చన్. అప్పుడు ఏడ్చింది.

చన్‌కు స్నానం చేయిద్దామని ఉబొన్ ఆమె చీలమండకున్న కట్టు విప్పబోయింది. అది తాత నడుముకు చుట్టుకునే గళ్ల తువ్వాలు. దానికి వేసింది ఏనుగు కాలికి వేసే ముడి, ఎవరు లాగినా ఊడిరాలేదు.