ఉత్తచేతి పిలుపు

బొమ్మల్లో ఆవుదూడ చేత ఏమైనా చేయించవచ్చు. మబ్బు మీద పడుకోబెట్టవచ్చు, బస్సు తోలించవచ్చు, లోయ మీదుగా దూకించవచ్చు. గీసేవాళ్లకు మెడ నొప్పి వస్తుందేమో గానీ దూడకు ఒక్క వెంట్రుక కూడా రాలదు. ఏడేళ్లు నేను ఆ ధీమాతోనే బతికాను.

నా పేరు సరళ. మదనపల్లెలో ఒక మేడమీద గదిలో కూర్చుని, నేనూ నా స్నేహితురాలు రేష్మా కలిసి ‘బుడ్డెమ్మ’ అనే బొమ్మల సీరియల్ తీశాం. బుడ్డెమ్మ మోకాలెత్తు పుంగనూరు దూడ. ఊళ్లో ఎవరికి కష్టమొచ్చినా తన పొట్టి కాళ్లేసుకుని బయల్దేరుతుంది. ఒకసారి బి.కొత్తకోట బస్సులో ఒక తల్లి ఫోన్‌లో బుడ్డెమ్మను చూపిస్తూ పిల్లకు ఇడ్లీ పెడుతోంది. అది చూస్తూ కూర్చుని నేను దిగాల్సిన స్టాపు దాటిపోయాను. గర్వం అంటే అలాగే ఉంటుంది, ఒళ్లు తెలియదు.

సీరియల్‌లో బుడ్డెమ్మను పిలిచే అవ్వ గొంతు మాత్రం మా ఇద్దరిదీ కాదు. పుంగనూరు పక్క పల్లెలో ఆవులు సాకే రామక్కది. “బా... బా బా బా... రా తల్లీ” అని ఆమె పిలిస్తే ఎక్కడో గట్టు అవతల మేస్తున్న ఆవు కూడా తలెత్తి పరుగెత్తుకొస్తుంది. ఆ పిలుపు ఫోన్‌లో రికార్డు చేసుకుంటానని నేను అడిగిన రోజున ఆమె ముందు ఇంట్లోకి వెళ్లి చెనిక్కాయ చెక్క ముక్క ఒకటి తెచ్చుకుంది. వేరుశనగ గింజలు గానుగాడించాక మిగిలే ఆ చెక్కంటే ఆవులకు ప్రాణం. ముక్క చేతిలో పట్టుకున్నాకే పిలిచింది. ఆవు వచ్చాక తినిపించింది. ఆ తర్వాతే నాతో మాట్లాడింది.

“గొంతు మాత్రం చాలక్కా, ఇదంతా ఎందుకు?” అని నవ్వాను.

“ఉత్తచేత్తో పిలవగూడదమ్మా,” అంది. “మా అమ్మ పిలవలా, మా అవ్వ పిలవలా. పిలిస్తే పెట్టల్ల.”

పిలిస్తే పెట్టి తీరాలన్న ఆ మాట అక్కడితో అయిపోలేదు. సీరియల్ మొదలైన కొత్తలో రామక్క కోడలు గీత పాకలో కూర్చుని ఫోన్‌లో చూస్తుంటే, ఆ పిలుపు విని ఒక దూడ కట్టుతాడు తెంపుకొని వచ్చి ఫోన్‌ను నాకిందట. రామక్క పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి దానికి చెక్క ముక్క పెట్టి, “పిల్సింది నా గొంతే గదా, నేనే పెట్టల్ల,” అందట. ఆ రోజు నుంచి పాక దగ్గర ఫోన్ మోగించడం నిషేధం.

ఈ సంగతి నేను ఎంతమందికి చెప్పి నవ్వించానో లెక్కలేదు. అలా నవ్వినవాళ్లలో గిరీష్ ఒకడు.

గిరీష్ కుప్పం పిల్లవాడే, ఇప్పుడు హైదరాబాదులో డైరెక్టరు. వాళ్ల కూతురు బుడ్డెమ్మను చూస్తే తప్ప నిద్రపోదట. బొమ్మలతో కాకుండా నిజం దూడతో, నిజం మనుషులతో సినిమా తీస్తానని వచ్చాడు. ఒప్పందంలో బొమ్మలూ పేర్లూ శబ్దాలూ అన్నీ ఇకమీదట కంపెనీవే అని ఒక లైను ఉంది. చదవకుండా సంతకం పెట్టానని బొంకను. చదివే పెట్టాను. వెండితెర మీద నా పేరు చూసుకోవాలని అంత ఆశ.

రికార్డు చేసిన రోజున ఆ పిలుపుకు వచ్చిన ఆవుకు మనవరాలైన ఆరు నెలల దూడనే బుడ్డెమ్మ వేషానికి తీసుకున్నారు. రామక్క ఒకే ఒక షరతు పెట్టింది.

“పిలిచేది నేనే, పెట్టేది నేనే.”

“సరేమ్మా,” అన్నాడు గిరీష్.

అసలు గొడవ పదమూడో భాగంతో వచ్చింది. అందులో బుడ్డెమ్మ బండల మధ్య సందును దూకి అవతల ఉన్న అవ్వ దగ్గరికి చేరుతుంది. పిల్లలకు అది కంఠతా వచ్చు. అది లేకుండా సినిమా తీస్తే పిల్లలే మనల్ని తంతారని గిరీష్ అనేవాడు. దానికోసం కుప్పం దగ్గర వదిలేసిన గ్రానైట్ క్వారీ ఒకటి వెతికిపట్టుకున్నారు. అందులో సందు మూడడుగుల వెడల్పు, ఇద్దరు మనుషులెత్తు లోతు. అడుగున పగిలిన రాళ్లు కత్తుల్లా నిలబడి ఉన్నాయి.

సందు మీద వెడల్పాటి పలక వేసి, మట్టి కప్పి, దూడను దాని మీద నడిపించాలి. తర్వాత కంప్యూటర్‌లో పలకను చెరిపేయాలి. పశువుల డాక్టరు పొద్దున్నే వచ్చి పలక తొక్కి చూసి, నడిపించడానికి మాత్రమే అని రాసిచ్చి వెళ్లాడు. దూడ ఇవతల. దాని తాడు పట్టుకుని యూనిట్ మనిషి మునస్వామి. అవతల కెమెరా, గిరీష్, నేను, రామక్క. ఇవతల నుంచి అవతలికి రావాలంటే సందు మొదలు చుట్టూ వందడుగులు నడవాలి.

రామక్క పిలిచింది. దూడ పరుగున వచ్చి ముందుకాళ్లు పలక మీద పెట్టింది. పలక కొంచెం వంగింది. దూడ వెనక్కి తగ్గింది. రామక్క మోకాళ్లు పట్టుకుంటూ చుట్టూ నడిచివెళ్లి దానికి చెక్క ముక్క పెట్టి వచ్చింది.

“రాలేదు కదమ్మా, యాల పెట్టేది?” అన్నాడు గిరీష్.

“పిలిచినాను గదప్పా.”

అలా మూడుసార్లు జరిగింది. మూడోసారికి ఆమె కొంగుముడిలో చెక్క అయిపోయింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. కెమెరామన్ మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు. రామక్క మా వైపు తిరిగొచ్చేలోపు గిరీష్ పలక తీయించేశాడు.

“పలకను చూసే బెదరతాండాదక్కా,” అన్నాడు నాతో. “పలక లేకపోతే దూకేస్తాది. మూడడుగులే గదా. మేక కూడా దూకతాది.”

రామక్క వచ్చి చూసింది. సందులోకి వంగి రాళ్లు చూసింది. 

“పలక యాడికి పోయింది?”

గిరీష్ కెమెరా సర్దించడంలో పడ్డాడు. ఆమెకు అర్థమైపోయింది.

“నేను పిలవను.”

“దూకుతుందమ్మా, నాది పూచీ,” అన్నాడు గిరీష్.

“దూకుతాదో లేదో నాకు తెలీదప్పా. నేను పిలిస్తే మాత్రం వస్తాది. ముందర గుంత ఉండాదా, నిప్పు ఉండాదా అని సూడదు. అందుకే పిలవను.”

గిరీష్ నా వైపు చూశాడు. ఇప్పుడు నేను చెప్పబోయేది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నేను రామక్క భుజం మీద చెయ్యి వేసి, “మూడడుగులే అక్కా,” అన్నాను. అతని మాటనే అప్పు తెచ్చుకున్నాను.

ఆమె కోపగించుకోలేదు. “నువ్వు గీసినప్పుడు ఎంత గీసినావమ్మా?” అని అడిగింది.

“కొలవలేదక్కా.”

“కాయితం గదా,” అంది. భుజం మీద నుంచి నా చెయ్యి తీసేసి, దూడను తోలుకుని ఇంటికి పోతానని చుట్టుదారి పట్టింది. ఇక్కడి నుంచి పుంగనూరికి ఎట్లా పోతుందో, ఏ బండి దొరుకుతుందో ఆమె ఆలోచించినట్టు లేదు.

ఆమె పాతికడుగులు వెళ్లిందో లేదో, గిరీష్ సౌండు చూసే అతన్ని పిలిచి, “సీరియల్ ట్రాకు ఉండాది గదా, స్పీకర్‌లో పెట్టు,” అన్నాడు.

ఫోన్ నాకిన దూడ కథ నేనే చెప్పాను. కుప్పం లాడ్జిలో కాఫీ తాగుతూ చేతులు తిప్పి మరీ చెప్పాను.

“గిరీష్, వద్దు,” అన్నాను. అన్నానని తర్వాత చెప్పుకోవడానికి సరిపోయేంత మెల్లగా అన్నాను. అతను వినిపించుకోలేదు. నిజం చెప్పాలంటే వినిపించుకోకూడదనే నాలో ఒక మూల ఉంది.

స్పీకర్‌ను మా వైపు సందు అంచుకు దగ్గరగా ఒక బండ మీద పెట్టారు. కెమెరా తిరిగింది.

“బా... బా బా బా... రా తల్లీ.”

క్వారీ అంతా ఆ పిలుపు మోగింది. దూడ చెవులు లేచాయి. సగం దారిలో ఉన్న రామక్క గక్కున ఆగి వెనక్కి తిరిగింది. తన గొంతు తన వెనక నుంచి వినబడితే మనిషి మొహం ఎలా మారుతుందో నేను ఏ బొమ్మలోనూ గీయలేదు. గిరీష్ చెయ్యి ఊపాడు. మునస్వామి తాడు వదిలేశాడు.

దూడ పరుగందుకుంది. పొట్టి కాళ్లు, ఎత్తిన తోక, అచ్చం నా బొమ్మే. ఒక్క క్షణం సంతోషించాను కూడా. మరుక్షణం దాని కళ్లు చూశాను. అది సందును చూడటం లేదు. స్పీకర్‌నే చూస్తోంది. నేను పరుగెత్తి స్పీకర్ వైరు పట్టి లాగేశాను. పిలుపు సగంలో తెగిపోయింది. దూడ మాత్రం ఆగలేదు. పిలిచిన మనిషి ఇక్కడే ఉందని దానికి నమ్మకం.

పదడుగులు. ఎనిమిది.

అప్పుడు పక్క నుంచి రామక్క పిలిచింది. చెయ్యి చాచి, ఊపిరంతా పెట్టి పిలిచింది. ఆ చేతిలో ఏమీ లేదు.

దూడ ముందుకాళ్లు బిగబట్టింది. వెనక కాళ్లు జారాయి. ఒక గిట్ట అంచు మీదికి పోయింది. గులకరాళ్లు రాలి అడుగున పడిన చప్పుడు నాకు వినబడింది. అది మెడ తిప్పి రామక్కను చూసింది. నిలదొక్కుకుని, తిరిగి, ఆమె దగ్గరికి పరుగెత్తింది.

చాచిన అరచేతిలో మూతి పెట్టి వాసన చూసింది. రెండో చెయ్యి చూసింది. కొంగుముడి చూసింది. రామక్క ముడి విప్పి దులిపి చూపించింది. దూడ మళ్లీ మొదటి చేతి దగ్గరికే వచ్చింది.

“లేదు తల్లీ,” అంది రామక్క. “ఏమీ లేదు.” అక్కడే బండ మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

“కట్. ఓకే,” అన్నాడు గిరీష్ వెనక నుంచి. “ఆ మెడ తిప్పడం చూసినావా అక్కా? దూకడం కంటే ఇదే బాగుండాది. దూకేది కంప్యూటర్లో చేసుకుంటాం. దూడకు కాలు గూడా బెణకలేదు.”

చేతిలో ఉన్న వైరుతో అతన్ని కొట్టాలనిపించింది. కొట్టాల్సి వస్తే వరసలో అతని కంటే ముందు నేనున్నాను. యూనిట్ వాళ్లెవరో బిస్కెట్ల ప్యాకెట్టు తెచ్చి దూడ ముందు పెట్టారు. అది ముట్టలేదు.

మూడు వారాల తర్వాత చెనిక్కాయ చెక్క బస్తా ఒకటి పుంగనూరు బస్సు మీద వేయించుకుని రామక్క ఇంటికి వెళ్లాను. తిడుతుందని సిద్ధపడి వెళ్లాను. తిట్టి ఉంటే బాగుండేది. మజ్జిగ ఇచ్చి కూర్చోమంది. తాగి, “దూడ ఎలా ఉందక్కా?” అని అడిగాను.

ఆమె నా బస్తాలోంచి ఒక ముక్క విరిచి గుప్పిట్లో పెట్టుకుని పాక ముందు నిలబడింది. 

“బా... బా బా బా... రా తల్లీ.”

దూరంగా మేస్తున్న దూడ తలెత్తింది. పరుగెత్తుకొచ్చింది. వచ్చి, ఆమెకు మూడడుగుల దూరంలో ఆగింది. ఆ మూడడుగులు నాకు కొలవకుండానే తెలిశాయి. ఆగి ఆమె గుప్పిటను చూసింది.

రామక్క గుప్పిట విప్పి చూపించింది. అప్పుడు వచ్చి తిన్నది.

“ఇంగ ఇట్లే వస్తాదమ్మా,” అంది రామక్క దాని గంగడోలు నిమురుతూ. “చెయ్యి సూసినాకనే.”

ముక్క అయిపోయాక కూడా ఆమె ఆ చెయ్యి మూయలేదు.