పక్క సీటు

"వెనకనుంచి రా" అన్నాడు భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ముందు గుమ్మం దాకా వచ్చిన మనిషి చెప్పులు చేత పట్టుకుని ఇల్లు చుట్టి వెళ్లింది. పెరటి స్నానాలగదిలో రెండుసార్లు సబ్బు రుద్దుకుని, నిమ్మచెక్కతో మోచేతులు తోముకుని, తడిజుట్టుతోనే పొయ్యి వెలిగించింది. వండింది, వడ్డించింది. బల్ల చుట్టూ నాలుగు కుర్చీలున్నాయి. ఆమె కంచం మాత్రం వంటింటి గట్టుమీదే. "మా ముక్కులేం పాపం చేశాయమ్మా" అని అత్తగారు ఏనాడో అంది. ఆ మాటే ఇంటి పద్ధతైపోయింది. ఆ చేతులతో చేసిన కూరలో మాత్రం ఎవరికీ ఏ వాసనా తగల్లేదు.

ఆమె పనిచేసేది తొట్ల కర్మాగారంలో. చేపల తలలు, పేగులు, కబేళా నెత్తురు, పాలు విరిచాక మిగిలిన నీళ్లు, ఊరు పారేసే మాంసకృత్తులన్నీ అక్కడికే చేరతాయి. గాలి చొరని ఇనప తొట్లలో వాటిని పులియబెడతారు. లోపలి సూక్ష్మజీవులు ఆ కుళ్లు తిని ఆమ్లాలు చేస్తాయి. అవి రంగుల్లోకి, ప్లాస్టిక్కుల్లోకి, ఆఖరికి సెంట్లలోకి కూడా పోతాయి. తొట్టికి మేత వెయ్యడం ఆమె పని. ఒక్కసారే కుమ్మరిస్తే అమ్మోనియా పెరిగి లోపలివి నీరసపడతాయి. పసిబిడ్డకు పెట్టినట్టు కొంచెం కొంచెంగా పెట్టాలి.

"ఏం వదినా, నీ సంతానం తిన్నదా?" అని అడుగుతుంది తోటిపనామె.

"తిన్నది. నన్నడిగేవాళ్లే లేరు" అంటుంది ఈమె. ఇద్దరూ నవ్వుకుంటారు. పని దిగాక చెరో దారి.

వాసన అబద్ధం కాదు. ఎంత కడిగినా జుట్టులో ఉండిపోతుంది. సాయంత్రం బస్సు ఎంత కిక్కిరిసినా ఆమె పక్క సీటు ఖాళీ. ఆ ఖాళీకే చోటు చాలనట్టు ఆమె కిటికీకి ఒదిగి కూర్చుంటుంది.

ఈమధ్య తొట్టిలో మేతను కలిపే మర విరిగింది. బాగయ్యేదాకా ఆమెను రోడ్డవతల గోదాములో కొత్త పీపాలకు చీటీలు అంటించే పనిలో పెట్టారు. ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు. రోజులు గడిచేకొద్దీ జుట్టులో వాసన వదిలింది. అది ఆమెకే తెలియలేదు. ఆ ముక్కు ఎప్పుడో మొద్దుబారింది.

మర బాగైన రోజు సాయంత్రం, బస్సులో ఎవరో అమ్మాయి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. కాసేపటికి కునికి, ఆమె భుజంమీద తల వాల్చింది. దిగాల్సిన చోటు వచ్చింది, పోయింది. కదిలితే పిల్ల లేస్తుందని ఆమె అలాగే ఉండిపోయింది. ఒక మనిషి బరువు ఒంటికి ఆని ఎన్నాళ్లయిందో.

"అయ్యో, మీ మీద పడిపోయానా పిన్నిగారూ" అంది పిల్ల ఉలిక్కిపడి లేచి.

"పర్వాలేదులే. నా దగ్గర వాసనేమైనా వస్తోందా అమ్మా?"

పిల్ల మొహమాటపడుతూనే ముక్కు దగ్గరికి తెచ్చింది. "జిగురు వాసన" అంది.

అంతదూరం వెనక్కి నడిచి ఇల్లు చేరింది. గుమ్మంలో అడుగు పెట్టిందో లేదో భర్త తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"వెనకనుంచి రా. ఇల్లంతా గబ్బు."

అత్తగారూ మొహం తిప్పుకుంది.

ఆమె ఇద్దరినీ తేరిపార చూసింది. ఇన్నేళ్లూ ఎన్ని నిమ్మచెక్కలు అరగదీసిందో గుర్తొచ్చింది. వెనక్కి తిరగలేదు. ముందు గదిలోంచే నడిచి వంటింట్లోకి వెళ్లింది. వండింది, వడ్డించింది. తన కంచం కూడా తెచ్చుకుని బల్ల దగ్గర కుర్చీ లాక్కుంది.

"స్నానం?" అన్నాడు భర్త.

"తిన్నాక. ఇవాళ నా దగ్గర వాసన లేదు. రేపట్నించి మళ్లీ తొట్టి దగ్గరికే, మళ్లీ ఉంటుంది. అప్పుడూ ఇక్కడే తింటాను. పడనివాళ్లకి వంటింటి గట్టుంది."

భర్త కంచం తీసుకుని లేచాడు. కాస్త తటపటాయించి అత్తగారూ లేచింది.

చుట్టూ కుర్చీలన్నీ ఖాళీ. ఆమె ఒదిగి కూర్చోలేదు.