సగం అరిగిన టైర్లు

కొత్త టైర్లు కావాలని వచ్చేవాళ్లను పోశన్న చాలామందిని చూశాడు. చేతిలో డబ్బు లేక పాతవి వెతుక్కునేవాళ్లను అంతకంటే ఎక్కువమందిని చూశాడు. డబ్బు మస్తుగా ఉండి కూడా పాతవే కావాలని పట్టుబట్టినవాణ్ని మాత్రం ఆ మంగళవారమే చూశాడు.

వాడు మల్లికార్జున్. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో పోశన్న టైర్ల దుకాణం నడుపుకునే మడిగె వాళ్లదే. బైపాస్ మీది ఫంక్షన్ హాలూ వాళ్లదే. ఎన్ని పసుపు చేలు ప్లాట్లు చేసి అమ్మారో వాళ్లకే గుర్తుండదు. ఏడాది కింద ఎర్రటి స్పోర్ట్స్ కారొకటి తెచ్చాడు. నేలకు జానెడెత్తున పాకుతుంది. మన గుంతల రోడ్ల మీద అదెందుకురా అని అడిగే దమ్ము ఊళ్లో ఎవరికీ లేదు.

"అన్నా, ఎనక టైర్లు రెండు మార్చాలె. కని కొత్తయి వద్దు" అన్నాడు మల్లికార్జున్.

"కొత్తయి వద్దా సేటూ?"

"సగం అరిగినయి కావాలె. గదే కంపెనీ, గదే డిజైను. సూసినోడు ఏడాది సంది గవ్వే ఉన్నయనుకోవాలె."

పోశన్న నవ్వాడు. "ఏంది, కారు అమ్ముతున్నవా?"

"గట్లనే అనుకో. రేపటికల్ల కావాలె."

ఆ టైర్ల సంగతి పోశన్నకు కొత్తేమీ కాదు. వానాకాలం మొదట్లో మల్లికార్జున్ గాలి పట్టించుకోవడానికి వచ్చినప్పుడే, చక్రం వెనక చెయ్యి పెట్టి తడిమి చూశాడు. పైకి కాస్త బటన్ గీతలు కనిపిస్తున్నాయి గానీ లోపలి అంచు నున్నగా గుండైపోయింది. ఇనుప తీగలు తేలి వేలికి గుచ్చుకున్నాయి. "సేటూ, వానల బ్రేకు కొడితే ఇది ఆగది, జారుతది. ఎవడన్న సస్తడు" అన్నాడు. మల్లికార్జున్ ఫక్కున నవ్వాడు. "గుండు టైర్లుంటెనే పొగ మంచిగొస్తదన్నా. శ్రావణంల బరాత్‌లున్నయి. దసరాకు సూద్దాంలే."

పెళ్లి ఊరేగింపు బరాత్‌లో బ్యాండు ముందు కారు నిలబెట్టి, బ్రేకు తొక్కిపట్టి, వెనక చక్రాలు గిర్రున తిప్పుతాడు. రబ్బరు కాలి తెల్లటి పొగ లేస్తుంది. పోరగాళ్లు ఈలలు వేస్తారు. అందుకోసం అరగదీసిన టైర్లవి.

పోశన్న ఆ రోజంతా ఫోన్ పట్టుకునే ఉన్నాడు. అంత వెడల్పు టైరు జిల్లాలో ఇంకో బండికి లేదు. హైదరాబాద్ పాత టైర్ల వ్యాపారులు ఒక్కొక్కరే ఫోటోలు పంపారు. మొదటి జత మరీ కొత్తగా ఉంది. రెండోదాని గీతలు వేరు. మూడోది కుదిరింది: అంచు నుంచి అంచు దాకా సమానంగా అరిగింది, ప్యాచ్ లేదు, పగుళ్లు లేవు, పక్కన అచ్చొత్తిన సంవత్సరం కూడా కారు వయసుకు సరిపోయింది. సంవత్సరం కూడా కలవాలని మల్లికార్జునే మరీ మరీ చెప్పాడు. ఆ మాటకైనా పోశన్నకు అనుమానం రావాలి. రాలేదు. దొరకని జత సంపాదించానన్న సంబరంలో ఉన్నాడు.

బుధవారం పొద్దున బస్సు పార్సిల్‌లో టైర్లు దిగాయి. పని దుకాణంలో కాదు, ఫంక్షన్ హాలు వెనక రేకుల షెడ్డులో. కారు ముందు భాగానికి తాడిపత్రి పట్టా కప్పి కట్టేశారు.

"పెయింటింగ్ నడుస్తున్నది. దుమ్ము పడొద్దని" అన్నాడు మల్లికార్జున్.

షెడ్డులో రంగు వాసన లేదు. పోశన్న తాడిపత్రి వైపు ఒకసారి చూశాడు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఎత్తలేదు. జాకీ పెట్టాడు, చక్రాలు విప్పాడు, రిమ్ముల నుంచి గుండు టైర్లు ఊడదీసి సగం అరిగినవి ఎక్కించాడు. మల్లికార్జున్ చెబితే బురదనీళ్లు కలిపి వాటి పక్కలకు రుద్దాడు కూడా. ముందు చక్రాల మీద ఎంత మట్టి ఉందో వెనకవాటి మీదా అంతే కనబడేలా రుద్దాడు.

"పాతయి కాలబెట్టు. ఇయ్యాల్నే" అన్నాడు మల్లికార్జున్.

కానీ చేతి అలవాటు ఊరుకోదు. విప్పిన ప్రతి టైరు మీదా బండి నంబరు పసుపు చాక్‌తో రాయడం పోశన్న దుకాణం పద్ధతి. వీటి మీదా రాశాడు. ఎలాగూ కాలేవే కదా అని దుకాణం పక్కనున్న పాత టైర్ల కుప్ప మీద పడేశాడు.

ఆ కుప్ప నిజామాబాద్‌లో ప్రతి సంఘానికీ తెలుసు. పసుపుకు ధర కావాలన్నా, మూతబడ్డ షుగర్ ఫ్యాక్టరీ తెరవాలన్నా, ఏ రాస్తారోకోకైనా కాలబెట్టే టైర్లు అక్కడి నుంచే పోతాయి. పోశన్న ఎవరినీ కాదనడు.

గురువారం గంగుబాయి వచ్చింది. చెరకు రైతుల సంఘం నడిపే మనిషి. ఆమె గొంతు లేస్తే మైకు అక్కర్లేదు. ట్రాలీ ఆటో దిగీదిగగానే కుప్ప మీద పడింది.

"పోశన్నా, ఈసారి ఎక్కువ కావాలె. ఎడపల్లి కాడ రోడ్డు బంద్ పెడుతున్నం."

"ఏమైందక్కా?"

"పేపర్ల సూడలేదా? సోమవారం పొద్దుగూకంగ, వానల. బసవయ్య గడ్డిమోపు పెట్టుకొని టీవీఎస్ మీద ఇంటికి పోతున్నడు. ఎర్రకారు గుద్ది ఆగకుండ పోయింది. ఆడికాడనే పాణం పోయింది. అగో, ఆయన బిడ్డ."

ఆటో ముందు సీట్లో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు కల్యాణి. కోస్తా నుంచి వచ్చి బోధన్ కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం వాళ్లది. తాతల కాలం నాటి మాట. ఏడ్చీ ఏడ్చీ కళ్లు ఎండిపోయాయి.

ఎర్రకారు అన్న మాట దగ్గరే పోశన్న చెవులు ఆగిపోయాయి. గంగుబాయి చెబుతూనే ఉంది. "నిన్న మధ్యాన్నం మల్లికార్జున్ సేటు వకీలును ఎంబడి వెట్టుకొని కారు ఠాణాల అప్పజెప్పిండు. ఇన్‌స్పెక్టర్ బండి సూసిండంట. బ్రేకులు మంచిగున్నయంట. టైర్లు మంచిగున్నయంట. తప్పంత ముసలాయనదేనంట, అడ్డమొచ్చి పడ్డడంట! తాగి ఉన్నడని కూడ అంటరు సూడు రేపు."

"మా నాన్న కల్లు కూడా ముట్టడండీ" అంది కల్యాణి, ఎవరివైపూ చూడకుండా.

టైర్లు మంచిగున్నాయి. ఎందుకుండవు? మంచివి ఏరి, కొలిచి, బురద రుద్ది పెట్టింది ఈ చేతులే కదా!

సంఘం మనుషులు టైర్లు ఆటోలో వేస్తున్నారు. లారీవి, ట్రాక్టరువి. వాటి మీద రెండు వెడల్పు టైర్లు, పసుపు నంబర్లతో సహా. పోశన్న నోరు తెరిస్తే మడిగె పోతుంది, ఇల్లు గడవదు, కేసులో తానూ ఇరుక్కుంటాడు. తెరవకపోతే ఏ కష్టమూ లేదు. బసవయ్య కోసం వచ్చినవాళ్లే బసవయ్య సాక్ష్యాన్ని తగలబెడతారు. ఇంతకన్నా సుఖమేముంది?

ఆటో కదిలేముందు కల్యాణి తల బయటపెట్టింది. "ఊరికే ఇస్తున్నారంట కదా బాబాయ్. మా నాన్న కోసం ఇచ్చారు. మర్చిపోం."

ఆటో పోయింది. పోశన్న గాలిపంపు పక్కన కూలబడ్డాడు. ఒక స్కూటరాయన వచ్చి గాలి పట్టమన్నాడు. వినబడలేదు. రెండోసారి అడిగాడు. పోశన్న లేచి షట్టర్ కిందికి లాగి, బండి తీశాడు.

బోధన్ రోడ్డుకు రెండు పక్కలా చెరకు నిలువెత్తు పెరిగి ఉంది. నరికే కాలం ఇంకా రాలేదు. ఎడపల్లి దగ్గర లారీలు బారులు తీరాయి. నడిరోడ్డు మీద కుప్ప. ఒకడు డబ్బాతో కిరసనాయిలు చల్లుతున్నాడు, ఇంకొకడు అగ్గిపెట్టె తీశాడు. పోశన్న బండి పడేసి ఉరికాడు. కుప్ప ఎక్కి ఆ రెండు టైర్లు పట్టుకుని లాగాడు.

"ఏయ్, ఎవడ్రా నువ్వు!" చొక్కా పట్టి ఈడ్చారు. వీపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. పోశన్న టైరును వదల్లేదు, దాని మీదే బోర్లా పడ్డాడు.

గంగుబాయి వచ్చింది. "పోశన్నా? నీకేం పుట్టింది? పైసలు దిన్నవా వానికాడ?"

"దిన్న" అన్నాడు పోశన్న.

టైరు మీంచి లేచి కూర్చున్నాడు.

"పని చేసిన, పైసలు దిన్న. గీ టైర్లు గా కారుయే. ముసలాయన మీదికి పోయినప్పుడు ఉన్నయి గివ్వే. నేనే ఊడదీసిన. ఇన్‌స్పెక్టర్ సూసినయి నేను మార్చినయి." టైరు తిప్పి లోపలి అంచు చూపించాడు. తేలిన తీగలకు ఎండుగడ్డి పరకొకటి చిక్కుకుని ఉంది. అది ఏ మోపుదో ఎవరూ చెప్పాల్సిన పనిలేకపోయింది. కల్యాణి చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకుంది.

"ఇవి పాడైపోయాయని ఆయనకి తెలుసా?" అని అడిగింది.

"తెల్సు. వానాకాలం మొదట్ల నేనే చెప్పిన. ఎవడన్న సస్తడని చెప్పిన."

"మరి మీరెందుకు మార్చారు?"

పోశన్న టైరును నేలకు దించాడు. ఆమె బాబాయ్ అని మళ్లీ పిలవలేదు.

గంగుబాయి కుప్ప పక్కన గొంతుక్కూర్చుంది. కోపం దిగిపోయి గొంతు చిన్నదైంది. "టైరుకు నోరు లేదు పోశన్నా. నువ్వు చెప్పకుంటె గిది రబ్బరే. వానికి కోర్టుల వకీలుంటడు, నీకు ఎవడూ ఉండడు. మడిగె ఖాళీ చేపిస్తడు. నిన్ను గూడ కేసుల పెడుతరు."

"ఎరుకే."

"మల్ల తిప్పుతవా మాట?"

"తిప్పాలనుకుంటె గీడిదాక ఎందుకొస్త అక్కా?"

ఆ రోజు మంట పెట్టలేదు. అగ్గిపెట్టె జేబులోకి పోయింది. టైర్లు ఆటోలో వేయబోతే కల్యాణి వద్దంది. ఒకటి తను నిలబెట్టింది, ఇంకోటి పోశన్న. రోడ్డు మీద దొర్లించుకుంటూ ఠాణా వైపు నడిచారు. వెనకాల సంఘమంతా నడిచింది, నినాదం లేకుండా. ఆగిన లారీల డ్రైవర్లు దిగి చూశారు. టైరు తిరిగినప్పుడల్లా తేలిన తీగ డాంబర్‌కు తగిలి టక్కుమనేది.

ఠాణా మెట్ల దగ్గర జవాను అడ్డంగా నిలబడ్డాడు. "ఏందివి? ఎవరు తెచ్చిండ్రు?"

గంగుబాయి పక్కకు జరిగి పోశన్న వైపు చూసింది.

"నేను" అన్నాడు పోశన్న. చేతుల నిండా కిరసనాయిలు, రబ్బరు నలుపు. "విప్పింది నేనే, మార్చింది నేనే. కూసుంట. రాసుకోండ్రి."