మలుపులో తెగని కాల్

ఆఫీసులో అందరూ ఆమెను లెక్కలమ్మ అంటారు. సెల్ టవర్లు ఎలా పనిచేస్తాయో కంప్యూటర్లో ముందే నడిపించి చూడటం ఆమె ఉద్యోగం. ఆ రోజు మాత్రం లెక్కలమ్మకు ఏమీ పాలుపోలేదు. కొండదారిలోని టవరు తీసేయొచ్చో లేదో నాలుగింటికల్లా సంతకం పెట్టి చెప్పాలి.

చేతిలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి మ్యాపు మీద జనాన్ని గింజల్లా చల్లి, ఆ క్షణాన ఎవరికి సిగ్నల్ అందుతుందో చూస్తుంది. అలా పదివేల సార్లు చల్లుతుంది. రెండోది జనాన్ని దారి వెంట కదిలిస్తుంది. ఇప్పుడున్న టవర్లతోనే రెండింటినీ పరీక్షిస్తే, మొదటిది అంతా సవ్యమంది. రెండోది ఆ కొండదారి మలుపు దగ్గర నూటికి పదకొండు కాల్స్ తెగుతున్నాయంది. కంపెనీ రికార్డుల్లో అక్కడ తెగిన కాల్ ఒక్కటీ లేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టకుండా ఏదో ఒకటి తేల్చమని మేనేజరు విసుక్కున్నాడు.

ఆమె బావ ఆరేళ్లుగా అదే దారిలో అంబులెన్సు నడుపుతున్నాడు. భోజనాల వేళ ఫోన్ చేసి, ఆ మలుపులో వాళ్ల బండిలో ఎప్పుడైనా కాల్ తెగిందా అని అడిగింది. ఒక్కసారి కూడా లేదన్నాడు. హమ్మయ్య, టవరు తీసినా ఫర్వాలేదన్న మొదటి పద్ధతే సరైనదనుకుని, ఫోన్ చెవిన ఉండగానే ‘టవరు తీసేయవచ్చు’ అని టైపు చేసేసింది.

“అసలు తెగడానికి అక్కడ మాట్లాడితే కదా. సిగ్నల్ ఉండీ లేనట్టుంటుంది. మలుపుకి ముందే నర్సు ఆస్పత్రికి అంతా చెప్పి పెట్టేస్తుంది. ఆ దారిలో అందరికీ అదే అలవాటు” అన్నాడు బావ.

లెక్కలమ్మకు బుర్ర తిరిగిపోయింది. గింజలు చల్లింది పాత కాల్స్ వచ్చిన చోట్లలోనే. అంటే మలుపులో మనిషే లేడు. కదిలించిన జనమేమో మలుపులోనూ మాట్లాడుతూనే పోయారు, దారి తెలియనివాళ్లలా. రెండింటిలోనూ బావ లేడు.

“మరి సరిగ్గా మలుపులోనే పేషెంటుకి ఏమైనా అయితే బావా?”

బావ ఒక సంగతి చెప్పాడు.

“పోయినేడు ఒకామెకి ఊపిరాడలేదు. డాక్టర్ని అడుగుదామని నర్సు నంబరు నొక్కుతూనే ఉంది, కలవలేదు. మలుపు దాటాక కలిసింది. అప్పటికి అడగడానికి ఏమీ మిగల్లేదు.”

ఆమెకు ఏడుపొచ్చింది. టైపు చేసిన వాక్యాన్ని చెరిపేసింది.

నాలుగింటికి మేనేజరు వచ్చి, ఇంతకీ ఏ పద్ధతి సరైనదని అడిగాడు. తెలియదంది. టవరు తీయకూడదని మాత్రం రాసి సంతకం పెట్టింది. అక్కడి నుంచి ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు కదా అన్నాడాయన.

“ఎక్కడి నుంచి చేస్తారు సార్?” అంది.