వాసన చూసే పని

హలో, అందరికీ వినబడుతోందా? టిఫిన్లయ్యాయా? అవకపోతే ప్లేటు చేతిలో పట్టుకునే వినండి. ఈ కథ జరిగింది కూడా ఒక టిఫిన్ హోటల్లోనే. మధ్యలో ముద్ద దిగకపోతే మాత్రం నన్ను తిట్టుకోవద్దు.

చేప పొట్టలో కత్తి ఉండగానే మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు.

"పెద్దక్కా, లే లే! ఓనరు పిలుస్తున్నాడు. చేతులు కడుక్కుని హాల్లోకి రా."

"ఇంకా రెండు బుట్టలున్నాయి బాబూ. మంచు కరిగిపోతోంది."

"చేపలెక్కడికీ పారిపోవులే, చచ్చే ఉన్నాయి. అక్కడ కొంప మునిగింది."

పెద్దక్క గోడ పట్టుకుని లేచింది. తెల్లవారుతుండగా చేపల బండి వచ్చినప్పటి నుంచీ పీట మీదే కూర్చుని ఉంది. మోకాళ్ళు ఒక పట్టాన సాగలేదు. ఆ వెనక గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్క ఫ్యానూ ఎప్పుడో ఆగిపోయింది. నేలంతా బ్లీచింగ్ నీళ్ళు. కొత్తగా లోపలికి వచ్చినవాళ్ళెవరైనా కళ్ళు నులుముకుంటూ బయటికి పరిగెత్తుతారు. పెద్దక్క ఇరవై ఏళ్ళుగా అందులోనే ఉంది.

ఆ హోటలుకి బోర్డు ఒకటే, మొహాలు రెండు. పొద్దున "అమ్మమ్మ చేతి టిఫిన్లు" అని ఉంటుంది. పక్కన నవ్వుతున్న ముసలావిడ బొమ్మ. ఆవిడ ఓనరుకి అమ్మమ్మేం కాదు. బోర్డు రాసినవాడి దగ్గర చవగ్గా దొరికిన బొమ్మ. సాయంత్రం అదే బోర్డుని తిప్పితే ఎర్రటి పీత ఒకటి కొండీలు చాచి కనిపిస్తుంది. టేబుళ్ళు అవే, పొయ్యిలు అవే, వడ్డించే చేతులూ అవే. పొద్దున వచ్చేవాళ్ళు సంప్రదాయం కోసం వస్తారు, సాయంత్రం వచ్చేవాళ్ళు రొయ్యల కోసం వస్తారు. చాలాసార్లు ఇద్దరూ ఒకళ్ళే.

పొద్దున హాల్లో మాత్రం చేప వాసన రాకూడదు. అందుకని ఓనరు ఒక పద్ధతి పెట్టాడు. తలుపులు తెరిచే ముందు వడ్డించే ఆడవాళ్ళంతా వరసగా నిలబడి చేతులు చాపాలి. ఒకరు వాసన చూడాలి. వాసన వచ్చినవాళ్ళు ఆ రోజు గిన్నెల దగ్గరికి పోవాలి, కూలి సగమే. మళ్ళీ వస్తే ఇంటికి. మొదట్లో ఆ పని మేనేజరు చేసేవాడు. "ఇందుకా నేను డిగ్రీ చదివింది?" అని అతను గొడవ పెట్టుకుంటే ఓనరు పెద్దక్కని పిలిచాడు.

"చేప వాసన నీకు తెలిసినంత ఎవరికి తెలుస్తుంది? రోజుకి ఇరవై కలిపిస్తా. చూసి చెప్పడమేగా."

పెద్దక్క ఒప్పుకుంది. పనిచేసే మిల్లు మూతపడి కొడుకు ఇంట్లో కూర్చున్నాడు. చంటి మనవడితో సహా ఇంటికి ఆధారం తన కూలి, ఇక్కడే వడ్డించే కోడలి కూలి. ఒప్పుకోక ఏం చేస్తుంది? కానీ ఓనరుకి చెప్పనిది ఒకటి ఉంది. పెద్దక్కకి వాసన తెలియదు.

ఎప్పుడు పోయిందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఒకరోజు ఇంట్లో పొయ్యి మీద పాలు మాడి, గిన్నె నల్లబడి, గది నిండా పొగ కమ్మింది. పొయ్యికి వీపు పెట్టి కూర్చున్న పెద్దక్క నింపాదిగా బట్టలు మడతపెట్టుకుంటోంది. వీధి చివరి నుంచే వాసన పట్టి పరిగెత్తుకొచ్చిన కోడలు, "అత్తా, ముక్కు తాకట్టు పెట్టావా ఏంటి?" అని అరిచింది. అప్పుడు తెలిసింది. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. తర్వాత నవ్వలేదు.

అందుకే ఆమె ప్రతి పొద్దునా వంగి, ప్రతి చేతి దగ్గరా ఊపిరి పీల్చి, "ఏం లేదు" అనేది. కొన్నాళ్ళు అందరూ బతికిపోయారు. "ఒక్కళ్ళకీ రాదా? ఇరవై ఊరికే ఇస్తున్నామా?" అని మేనేజరు గద్దించిన రోజు, భయపడి, వరసలో ఎదురుగా ఉన్న, అందరూ పొట్టి పిన్ని అని పిలిచే ఆవిణ్ణి చూపించింది. రెండు రోజుల తర్వాత మళ్ళీ ఆమెనే. పొట్టి పిన్ని ఉద్యోగం పోయింది.

తర్వాత ఒకసారి కుళాయి దగ్గర కనిపించింది పొట్టి పిన్ని. తిట్టలేదు. బిందె కింద పెట్టి రెండు చేతులూ పెద్దక్క ముక్కు దగ్గర పెట్టింది.

"సబ్బుతో తోమాను, నిమ్మకాయతో తోమాను, బూడిదతో కూడా తోమాను. ఇంకా వస్తోందా, చూడక్కా. నా మొగుడికి రావట్లేదంట. నువ్వు చెప్తే నమ్ముతా."

తోలు ఊడి ఎర్రబడిన చేతులు. పెద్దక్క వాటిని చూసి, తన బిందె ఎత్తుకుని వెనక్కి తిరిగింది.

మేనేజరు వెంట పెద్దక్క వచ్చేసరికి, సెలవు రోజు కావడంతో హాలు కిక్కిరిసి ఉంది. బయట కూడా జనం పిల్లల్ని చంకనేసుకుని టేబులు కోసం కాచుకుని ఉన్నారు. మధ్య టేబులు దగ్గర తెల్ల చొక్కా ఆయన లేచి నిలబడ్డాడు. పెళ్ళాం, పిల్లలు ప్లేట్లు దూరంగా నెట్టేశారు. ఆయన చేతిలో ఫోను పైకి లేచి ఉంది.

"అమ్మమ్మ చేతి టిఫిన్లంట! కంపు కొట్టే చేతులతో వడ్డిస్తారా? ఇది హోటలా, చేపల సంతా? ఇదంతా ఫోన్లో తీసి అందరికీ పెట్టేస్తున్నా. రేపటి నుంచి ఈగలు తోలుకుంటూ కూర్చోండి!"

"నిన్న సాయంత్రం ఇదే టేబులు దగ్గర పీత కాళ్ళు చీకి వేళ్ళు నాకాడు మహానుభావుడు," అని మేనేజరు పెద్దక్క చెవిలో గొణిగాడు. ఓనరు వైపు చూసి నోరు మూసుకున్నాడు.

ఓనరు చేతులు నలుపుకుంటూ నవ్వాడు. "ఇప్పుడే తేల్చేస్తాం సార్. మా దగ్గర పద్ధతి ఉంది. ఎవరి చేతో పట్టుకుని, మీ కళ్ళ ముందే గెంటేస్తా. ఏయ్, అందరూ వరసగా నిలబడండి!"

నలుగురు నిలబడ్డారు. కోడలు, కాఫీలిచ్చే ఆవిడ, బల్లలు తుడిచే ముసలామె, చివర కొత్తమ్మాయి. ఆ పిల్ల పనిలో చేరి మూడు రోజులే అయింది. బడిలో బెత్తం దెబ్బకి చాపినట్టు చేతులు చాపి, కళ్ళు మూసుకుని నిలబడింది.

ఓనరు పెద్దక్కని పక్కకి లాగి గొంతు తగ్గించాడు. "నీ కోడలి జోలికి పోకులే, నేను మనిషినే. ఆ చివరి పిల్లని చూపించు. కొత్తది. పోయినా అడిగేవాళ్ళు లేరు."

"ఆ వాసన చేతులది కాదేమో, వెనక డ్రైనేజీ పొంగిందేమో అయ్యా..."

"అది నేనడిగానా? వేలు చూపించు, చాలు. లేదంటే అత్తాకోడళ్ళిద్దరూ కలిసే ఇంటికి పోతారు."

పెద్దక్క వరస దగ్గరికి వెళ్ళింది. కోడలి ముందు వంగినప్పుడు పెదవులు కదలకుండా కోడలంది, "ఆలోచించకత్తా. చెప్పేసెయ్. మనం ఇంకా అద్దె కట్టలేదు."

కాఫీ ఆవిడ. ముసలామె. తర్వాత కొత్తమ్మాయి. ఆ పిల్ల వేళ్ళ సందుల్లో నిమ్మతొక్క పీచు ఇరుక్కుని ఉంది. గోళ్ళ చుట్టూ తోలు పగిలి ఉంది. పెద్దక్క ఊపిరి పీల్చింది. ఎప్పటిలాగే ఏమీ లేదు. గులాబీ పెట్టినా అంతే, కుళ్ళిన రొయ్య పెట్టినా అంతే.

"వస్తోందా పెద్దమ్మా?" అని ఆ పిల్ల కళ్ళు తెరవకుండానే అడిగింది.

పెద్దక్క నడుం నిటారుగా పెట్టింది.

"నాకు తెలీదు," అంది.

"గట్టిగా చెప్పు, సారుకి వినబడాలి," అన్నాడు ఓనరు.

"నాకు తెలీదయ్యా. నాకు వాసన రాదు. ఆ గదిలో పోయింది నా ముక్కు. ఎప్పుడో పోయింది."

ఎవరో పిల్లాడు కిసుక్కున నవ్వాడు. వాళ్ళమ్మ వాణ్ణి గిల్లింది.

"మరి ఇన్నాళ్ళూ?" ఓనరు మొహం కందగడ్డలా అయింది.

"ఇన్నాళ్ళూ అబద్ధమే. పొట్టి పిన్నివి శుభ్రమైన చేతులేమో, నాకు తెలీదు. నేను చూపించాను, మీరు గెంటేశారు. ఇంక ఎవర్నీ చూపించను."

"ఇరవై తిన్నావు కదే దొంగముండా!"

"తిన్నాను. నా కూలిలో కోసుకో. కానీ వీళ్ళ చేతులు నేను మళ్ళీ వాసన చూడను. కుక్కలా నన్ను వాళ్ళ మీదికి ఉసిగొల్పకు."

"అత్తా! బుద్ధుందా నీకు?" కోడలు అరిచింది. "నోటి కాడ కూడు లాగేశావు కదా! నీకు నీతి గుర్తొచ్చింది, మరి పిల్లాడి పాలకి ఎవర్నడగాలి? నీ పొట్టి పిన్నినా?"

కోడలన్నది అబద్ధం కాదు.

"ఫో! ఇప్పుడే ఫో బయటికి!" ఓనరు ఆమె భుజం పట్టి నెట్టాడు. పెద్దక్క బల్లకి గుద్దుకుని నిలదొక్కుకుంది, పోలేదు. ఓనరు చొక్కా చేతులు పైకి మడిచాడు. "ముక్కు లేనిదాన్ని పెట్టుకున్నా, నాదే తప్పు. సార్, ఒక్క నిమిషం. నేనే చూస్తా. ఏమ్మా, నువ్వు మంచిదానివి, నీకు మీ అత్తలా పొగరు లేదు. ముందు నువ్వే చెయ్యి పెట్టు. నీది బాగుంటే నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు."

అతను కోడలి ముందు వంగాడు. చెయ్యి చాపితే చాలు. పొద్దున సబ్బుతో తోముకున్న చెయ్యే.

కోడలు అత్త వైపు చూడలేదు. కొత్తమ్మాయి వైపు చూసింది. ఆ పిల్ల చేతులు ఇంకా అలాగే గాల్లో చాపి ఉన్నాయి. కోడలు ముందుకు జరిగి, ఆ పిల్ల మణికట్లు రెండూ పట్టుకుని కిందికి దించింది. తర్వాత తన చేతులు రెండూ ఏప్రాన్ కిందికి దోపుకుంది.

"పెట్టమంటుంటే!"

ఆమె పెట్టలేదు.

ఓనరు నడుం వంచి, ఖాళీ చెయ్యి ముందుకి చాపి అలాగే ఉన్నాడు, అడుక్కునేవాడిలా. తెల్ల చొక్కా ఆయన ఫోను దించడం మర్చిపోయాడు. అది ఇంకా తీస్తూనే ఉంది.

కథ ఇంతే. ఆ తర్వాత వాళ్ళింట్లో పొయ్యి వెలిగిందా లేదా అంటే నేను చెప్పలేను. మీ వాళ్ళెవరైనా రేపు పొద్దున బయట టిఫినుకి బయల్దేరుతుంటే, వెళ్ళక ముందే ఇది వాళ్ళకి పంపండి. ప్లేటు తెచ్చి పెట్టిన చేతిని ఒక్కసారి చూసి తింటారు.