టర్న్‌టేబుల్‌కి కొత్త ముల్లు

పొద్దున్నే మాణిక్యం వీధి తలుపు తీసి, ముందు గదిలో కుట్టు మిషను దగ్గర కూర్చునేది. వన్ టౌన్‌లో ఆ సందు ఆడవాళ్ళందరి జాకెట్లూ ఆవిడ చేతివే. సరిగ్గా అప్పుడే మొగుడు నతానియేలు అదే గదిలో పాటల రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్ మీద దుమ్ము తుడిచేవాడు. బెల్టు లేకుండా పళ్ళెం కిందే మోటారు ఉండే రకం అది, డైరెక్ట్ డ్రైవ్. దాన్ని తుడిచే చెయ్యి ఎంత మెత్తగా ఉండేదో. అందులో పిసరంత పెళ్ళాం మీద చూపిస్తే ఆయన సొమ్మేం పోయేది?

రికార్డులు తామున్న గదిలో మాటల్ని పీల్చుకుంటాయని ఆ సందులో అందరికీ తెలుసు. పాత రికార్డు కొంటే పాటకి ముందు ఎవరింటి పోట్లాటో కాసేపు వినాల్సిందే. ఆ కాసేపట్లో లేచి టీ పెట్టుకునేవాళ్ళు. నతానియేలుది మొద్దు ముల్లు కాబట్టి ఆయనింట్లో అదంతా గొణుగుడులా ఉండేది.

ఆ ఏడు ఆయనకి సౌండు పిచ్చి ముదిరింది. రబ్బరు మ్యాట్ వచ్చింది, అడుగున బల్లంత గ్రానైట్ పలక వచ్చింది, ముల్లుని పట్టి ఉంచే కొత్త కార్ట్రిడ్జ్, సన్నటి ముల్లు వచ్చాయి. అన్నీ వచ్చాక ముల్లు అదురుతోందని కనిపెట్టాడు. ఎందుకట? మాణిక్యం మిషను తొక్కుతోందట. వెనక గదిలోకి మార్చుకోమన్నాడు. అక్కడ వెలుతురు లేదు, బేరాలు అంత లోపలికి రావు, అదేం ఆయనకి పట్టలేదు. లేకపోతే కుట్టడమే మానెయ్యమన్నాడు. ఆదివారం స్నేహితులు పాటలు వినడానికి వస్తున్నారనీ, వాళ్ళు వెళ్ళగానే మిషను విప్పి అటకెక్కిస్తాననీ చెప్పేశాడు. పెళ్ళయినప్పట్నుంచీ ఒక్కొక్కటే కూడగట్టుకున్న బేరాలు. చెబుతుంటే నాకే ఒళ్ళు మండుతోంది. మాణిక్యం మాత్రం ఎప్పట్లాగే నోరు మెదపలేదు.

ఆదివారం చర్చి అయ్యాక జోయెల్ గారూ ఇంకో ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. నతానియేలు ముల్లు దించాడు. పాటకి ముందు ఆయన గొంతే వచ్చింది, ఎదురుగా నిలబడి అరిచినట్టు.

"నీ మొహానికి మిషనొకటా? ఆపవే ముందు."

తర్వాత చారులో ఉప్పు తక్కువైందని, ఆ తర్వాత ఆవిడ పుట్టింటివాళ్ళ మీద. మధ్యమధ్యలో మిషను టకటక.

జోయెల్ కళ్ళు మూసుకుని తల ఊపాడు. "ఏం క్లారిటీ అండీ, మీరు మింగిన గుటక కూడా వినపడుతోంది." మిగతా ఇద్దరూ బేస్ బాగుందన్నారు. సిగ్గులేని మనుషులు.

టీ ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మాణిక్యం చివరిదాకా వింది. అంత మంచి ముల్లుకి కూడా తన మాట ఒక్కటీ దొరకలేదు. దొరకడానికి, ఇన్నేళ్ళలో తను ఒక్క జవాబైనా చెబితేగా? ఆవిడకి మొగుడి మీదకంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. ట్రే తీసుకెళ్ళి గ్రానైట్ పలక మీదే పెట్టి, తిరుగుతున్న రికార్డు మీదకి వంగింది.

"ఈ మిషను ఇక్కణ్ణుంచి కదలదండీ. అదురు మీకు పడకపోతే మీ పెట్టె వెనక గదిలోకి పట్టుకెళ్ళండి. ఇంకోసారి నా మీద అరిస్తే దాంతోపాటు మీరూ అక్కడే ఉందురుగాని."

స్నేహితులు టీ తాగకుండానే వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి ఏ రికార్డు పెట్టినా ముందు ఆ మాటలే. నతానియేలు రికార్డులన్నీ సబ్బు నీళ్ళతో కడిగాడు. లాభం లేక పాత మొద్దు ముల్లే మళ్ళీ బిగించాడు. పాట గొణుగుడైపోయింది. మాణిక్యం మాటలు మాత్రం అక్షరం చెక్కు చెదరలేదు.

చివరికి టర్న్‌టేబుల్‌ని ఆయనే వెనక గదిలోకి మోసుకుపోయాడు. గ్రానైట్ పలక మాణిక్యం ఉంచేసుకుంది. మిషను కాళ్ళ కింద వేయించుకుంది. కుట్టు ఇప్పుడు భలే సాఫీగా వస్తోందట.